పెళ్లి బస్సులో అంత్యాక్షరి

ప్రశ్న: 2020లో మావారికి కోవిడ్ వస్తే, ఒకే ఇంట్లో ఉన్నా నాకూ పిల్లలకూ అంటలేదు. పోయిన నెల పెళ్లికి ఏసీ బస్సులో తిరుపతి వెళ్లాం. దారంతా అంత్యాక్షరి. మర్నాడు మా మరిదికి జ్వరం, వారంలో 14 మందికి పాజిటివ్. అత్తయ్యగారికి దగ్గు ఇంకా తగ్గలేదు. అందరూ మరిదినే తిడుతున్నారు. ఒకరి నుంచి ఎవరికీ రానిది, ఇంకొకరి నుంచి ఇంతమందికి ఎలా వస్తుంది?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ అబ్బాయిని తిట్టడం ఆపమనండి. ఈ వైరస్ జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. బస్సెక్కేటప్పుడు అతనికేం తెలుస్తుంది?

మీ ఇంట్లో జరిగింది వింతేమీ కాదు. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో కోవిడ్ రోగులను కలిసిన 5,75,000 మందికి పైగా వివరాలు సేకరించి చూశారు. దాదాపు 70 శాతం రోగుల విషయంలో, వాళ్లను కలిసినవాళ్లలో ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. ఇళ్లలో అంటినది సుమారు 9 శాతం మందికే. అదే రోగికి దగ్గరగా కూర్చుని 6 గంటలకు పైగా ప్రయాణించినవాళ్లలో దాదాపు 80 శాతం మందికి అంటింది. లెక్కలోకి వచ్చిన ప్రయాణికులు కొద్దిమందే, అయినా మీ బస్సుకు సరిగ్గా సరిపోతుంది.

ఇక అంత్యాక్షరి. 2020 మార్చి 10న అమెరికాలోని మౌంట్ వెర్నన్‌లో 61 మంది రెండున్నర గంటలు పాటలు సాధన చేశారు. 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. గొంతెత్తి పాడితే మామూలు మాటలకన్నా ఎక్కువ తుంపర్లు వస్తాయి. వాటిలో సన్ననివి కింద పడవు, గాలిలోనే తేలుతుంటాయి. వంటింట్లో తాలింపులో ఎండుమిర్చి మాడితే హాల్లో కూర్చున్నవాళ్లకీ దగ్గొస్తుంది కదా, అలాగన్నమాట. కిటికీ తీస్తే ఘాటు పోతుంది. ఏసీ బస్సులో తీయడానికి కిటికీ ఏదీ? చాలా బస్సుల్లో ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి వదులుతుంది.

ఈసారి బస్సు మాట్లాడేటప్పుడు అద్దాలు తెరుచుకునేదే అడగండి. రెండు గంటలకోసారి ఆపి, తలుపులన్నీ తీయించండి. ఒళ్లు వెచ్చబడినవాళ్లు మొహమాటపడకుండా ఆగిపోవాలి. "నువ్వు రాకపోతే ఎలారా" అని వాళ్లను లాక్కెళ్లకూడదు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి అత్తయ్యగారి దగ్గు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఆయాసం ఉంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తోడుగా మీ మరిదిని పంపండి.