మిక్సీ మార్చాలా, కప్లర్ మార్చాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. మా మిక్సీ కొని 14 ఏళ్లయింది, సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌కి 9 ఏళ్లు, కుక్కర్ అంతకన్నా పాతది. ఈమధ్య మిక్సీ వేస్తే మోటారు శబ్దం వస్తోంది గానీ బ్లేడు తిరగట్లేదు. బెంగళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి ఇవన్నీ తీసేసి ఫోనుతో నడిచేవి కొంటానంటున్నాడు, ఫ్యాన్లు కూడా రిమోట్‌వి పెట్టిస్తాడట. వద్దంటే 'నీకు కొత్తవంటే భయం' అంటున్నాడు. నాది నిజంగా భయమేనా? ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: భయం కాదమ్మా. రోజూ వాడే మనిషికి ఏ వస్తువు ఎప్పుడు మొరాయిస్తుందో తెలుస్తుంది, అది అనుభవం.

ముందు మిక్సీ సంగతి. మోటారు తిరుగుతూ బ్లేడు తిరగట్లేదంటే చాలావరకు కప్లర్ అరిగిపోయినట్టే. జారు తీసి చూడండి, మోటారు మీద పళ్ల చక్రంలా నల్లటి ముక్క ఒకటి ఉంటుంది, అదే కప్లర్, జారు అడుగున దాని జత ఉంటుంది. జారులో ఏదైనా గట్టిగా ఇరుక్కున్నప్పుడు మోటారు మీద భారం పడకుండా ఆ ముక్కే ముందు అరుగుతుంది, కావాలనే అలా చేశారు. రిపేరు షాపులో పది నిమిషాల పని, కొత్త మిక్సీ ధరలో అదొక మూలకి కూడా రాదు. జారు కూడా వెంట తీసుకెళ్లండి, రెండు ముక్కలూ ఒకేసారి మార్పించుకోవచ్చు. ఇంకో మాట, ఎప్పుడైనా మోటారు శబ్దమే రాకుండా ఆగిపోతే మిక్సీని తిరగేసి అడుగున ఎర్ర బటన్ ఉందేమో చూడండి. లోడ్ ఎక్కువైతే అది ట్రిప్ అవుతుంది, కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్లీ పని చేస్తుంది. ఈ సంగతి తెలియక మంచి మిక్సీలని పాత సామాన్లవాళ్లకి ఇచ్చేసినవాళ్లని చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది.

నేను ఏ వస్తువు కొనేముందైనా ఇది చెడిపోతే మా ఊళ్లో బాగుచేసేవాళ్లు ఉన్నారా అని చూస్తాను, బాగయ్యేదాకా నా పని ఎలా గడుస్తుందని కూడా చూస్తాను. మీ సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో ఉతికే టైమరు మామూలుగా స్ప్రింగుతో తిరిగేదే, కుళాయి రాని రోజు బకెట్‌తో నీళ్లు పోసుకున్నా పని అవుతుంది. ఫుల్ ఆటోమేటిక్ అలా కాదు. దానికి నీళ్లు ఒత్తిడితో రావాలి, లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, ఓల్టేజి హెచ్చుతగ్గులకి ఆ బోర్డు పోతే మొత్తం మార్చాలంటారు. మా ఇంట్లో అదే జరిగింది, బోర్డు స్టాకు లేదని ఇరవై రోజులు తిప్పారు, అన్నాళ్లూ దుప్పట్లు చేత్తోనే ఉతికాను. అయితే తడి బట్టలు ఈ తొట్టిలోంచి ఆ తొట్టిలోకి వేయడానికి మీ నడుము సహకరించకపోతే మాత్రం మొహమాటపడకుండా ఫుల్ ఆటోమేటిక్ కొనిపించుకోండి, ఫోను గొడవ లేనిది చూసి.

ఫ్యాన్ల విషయంలో మీ అబ్బాయి మాటలో న్యాయం ఉంది. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగుతుంది, రిమోట్‌తో వచ్చే కొత్త బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న) ఫ్యాన్లకి సుమారు 30 వాట్లు చాలు. రోజుకి 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకి 16 యూనిట్ల దాకా మిగులుతాయి. కాకపోతే గోడ మీద స్విచ్‌తో లేదా రెగ్యులేటర్‌తో కూడా వేగం మారేది అడిగి తీసుకోండి, అలాంటివీ దొరుకుతాయి. అర్ధరాత్రి చలేసినప్పుడు మంచం కింద రిమోట్ వెతుక్కోవడం ఎవరికీ వద్దు.

కుక్కర్‌ని అస్సలు పారేయకండి, కానీ దాన్ని చూసుకోండి. వెయిట్ పెట్టినప్పుడు లోపల నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఆ ఆవిరికి బయటికి దారి వెయిట్ కింద ఉన్న ఆ సన్నటి గొట్టమే. పప్పు పొంగి, పొట్టు అందులో అడ్డుపడితే ప్రమాదం. రోజూ మూత కడిగాక వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఆ గొట్టంలోంచి అవతలివైపు కనబడుతోందా అని చూడండి, నేను కాఫీ పెట్టుకునేముందు చేసే మొదటి పని అదే. రబ్బరు గట్టిబడి సాగకపోతే మార్చేయండి. సేఫ్టీ వాల్వ్ ఒకసారి కరిగిందంటే కంపెనీదే వేయించండి, బజారులో దొరికే ఏదో ఒకటి వద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి కుటుంబం రెండో అంతస్తులో చిక్కుకుపోయింది. కరెంటు లేదు, ఇండక్షన్ స్టవ్ పనికి రాలేదు, టచ్ ఫోన్లన్నీ మర్నాటికే చచ్చిపోయాయి. గ్యాస్ పొయ్యి, అగ్గిపెట్టె, మా బావగారి అమ్మగారి బటన్ ఫోను, ఇవే నిలబడ్డాయి. సిగ్నల్ అందినప్పుడల్లా ఆ ఫోన్లోంచే మాకు 'బాగానే ఉన్నాం' అని కబురు వచ్చేది, మెట్లు దిగడానికి దాని టార్చే దిక్కయింది. అప్పటినుంచి మా ఇంట్లో కూడా చార్జింగ్ పెట్టిన బటన్ ఫోను ఒకటి బీరువాలో ఉంటుంది. ఈ మాట మీ అబ్బాయికి నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటాడు.

ప్రశ్న: ఊళ్లో ఉన్న నాన్నకి 70 ఏళ్లు. బటన్ ఫోను వదలనంటారు. డబ్బులు పంపడానికైనా స్మార్ట్‌ఫోన్ ఉండాలి కదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు బాబూ. బటన్ ఫోన్లకోసమే 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది, ఇంటర్నెట్ లేకుండా ఫోన్ కాల్ చేసి డబ్బు పంపొచ్చు. అంతకుముందునుంచే ఫోన్లో *99# అని నొక్కి డబ్బు పంపే పద్ధతి కూడా ఉంది. మీ నాన్నగారి నంబరు బ్యాంకు ఖాతాకి లింక్ అయి ఉందో లేదో చూసుకుని, ఈసారి ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చుని పిన్ పెట్టించండి, ఆయన చేతే మీకు పది రూపాయలు పంపించండి, రెండుమూడు సార్లు ఆయనే చేస్తే అలవాటవుతుంది. మామూలు బటన్ ఫోన్లో దొంగ యాప్‌లు ఎక్కించే అవకాశం దాదాపు ఉండదు, కానీ ఓటీపీ చెప్పమని అడిగే దొంగ కాల్స్ మాత్రం దానికీ వస్తాయి. ఎవరడిగినా, బ్యాంకు నుంచి అన్నా సరే, పిన్నూ ఓటీపీ చెప్పొద్దని ఆయనకి గట్టిగా చెప్పి రండి.