మూఢంలోనూ జీతం పడాలంటే

ప్రశ్న: వయసు 31. హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్‌ని, బోడుప్పల్‌లో అద్దెకు ఉంటున్నాం. 2025-26లో మొత్తం 14.4 లక్షలు వచ్చాయి. పెళ్లిళ్ల మీద 8.9 లక్షలు, ఇంటీరియర్ షూట్లు (40 ఫ్లాట్లు) 2.6, కంపెనీ ఈవెంట్లు 1.8, రెస్టారెంట్ల ఫుడ్ షూట్లు 1.1. పని ఖర్చులు 5.4 లక్షలు, ఇంటి ఖర్చు నెలకు 46 వేలు. అయినా చలికాలమంతా క్రెడిట్ కార్డు మీదే గడిచింది, 1.1 లక్షల బాకీ మిగిలింది. రెండో కెమెరా బాడీని అద్దెకు తెస్తున్నాను. 3.2 లక్షలు పెట్టి ఈఎంఐలో కొనేయనా? నెలకు 10 వేలతో మ్యూచువల్ ఫండ్ సిప్ మొదలుపెట్టనా? ఏటా 6 శాతం లాభం చూపి రిటర్న్ వేస్తున్నాను, బ్యాంకు హోమ్ లోన్ కుదరదంది. ఏం చేయాలి?

జవాబు: మీ ఆదాయం తక్కువేం కాదు. పని ఖర్చులు పోను 9 లక్షలు, అందులో ఇంటికి 5.52 లక్షలు. అంటే 3.48 లక్షలు చేతిలో ఉండాలి. లేవంటే, సీజన్లో చేతికొచ్చిన అడ్వాన్సుల్ని ఆదాయం కింద లెక్కేసి వాడేశారన్నమాట.

ముందు గోడ మీది ఇంగ్లిష్ క్యాలెండర్ పక్కన ఒక పంచాంగం పెట్టుకోండి. మీ డబ్బు నడిచేది దాని ప్రకారమే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ ఖాళీ అని మీకు తెలుసు. దెబ్బ కొట్టేవి పెళ్లి ముహూర్తాలుండని, ఏటా చోటు మారే మూఢాలు, అధిక మాసాలు. 2023లో ఆషాఢం అయిపోగానే అధిక శ్రావణం వచ్చి ఖాళీ రెండు నెలలైంది. 2024లో గురు, శుక్ర మూఢాలు కలిసొచ్చి మే, జూన్ ముహూర్తాలు ఎగిరిపోయాయి. మొన్న 2025 నవంబర్ చివర మొదలైన శుక్రమూఢం ఫిబ్రవరి మధ్య దాకా ఉంది. మీ కార్డు బాకీ పుట్టింది అక్కడే. ఈ 2026లో వైశాఖం మే 16తో అయిపోతుంది. జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ తర్వాత నిజ జ్యేష్ఠంలో ఒక నెల పని, మళ్లీ ఆషాఢం. ఇవన్నీ ఉగాది నాడే పంచాంగంలో అచ్చయి ఉన్నాయి. ఇంత ముందుగా కరువు కబురు తెలిసే వృత్తులు ఎక్కువ లేవు, వాడుకోండి.

ఇప్పుడు ఒక పెళ్లి లెక్క. రెండు రోజుల ప్యాకేజీ 1,80,000 అనుకుందాం. ట్రెడిషనల్ ఫొటోగ్రాఫర్‌కి 12 వేలు, వీడియోగ్రాఫర్‌కి 14, డ్రోన్‌కి 8, ప్రయాణాలకి 5, హార్డ్‌డిస్కులకి 6. ఈ 45 వేలు పెళ్లి వారంలోనే పోతాయి. తర్వాత వీడియో ఎడిటింగ్ 12 వేలు, ఆల్బమ్ ల్యాబ్‌కి 18 వేలు. మీకు మిగిలేది 1,05,000. మామూలు పద్ధతిలో బుకింగ్‌కి 50 వేలు, పెళ్లి రోజు 80 వేలు, ఆల్బమ్ ఇచ్చాక 50 వేలు. చిక్కంతా ఆ చివరి 50 వేలతోనే. పెళ్లివారు ఫొటోల సెలక్షన్ ఇవ్వరు. అమ్మాయి అమెరికాలో, అత్తగారు ఊళ్లో, ఆరు నెలలు గడిచిపోతాయి. సెలక్షన్ రానిదే ఆల్బమ్ లేదు, ఆల్బమ్ లేనిదే డబ్బు లేదు.

కొత్త బుకింగుల్లో షరతు మార్చండి: బుకింగ్‌కి 30 శాతం, పెళ్లికి వారం ముందు 60 శాతం, మిగతా 10 శాతం డిజైన్ ఓకే చేసినప్పుడు, ప్రింటింగ్‌కి పంపకముందే. సెలక్షన్‌కి 45 రోజుల గడువు. దాటితే మీరే ఎంపిక చేసి డిజైన్ పంపుతారని కొటేషన్‌లోనే రాయండి. ఫంక్షన్ హాళ్లు శంషాబాద్, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు జరిగిపోయాయి కాబట్టి ప్రయాణం, టోల్ ప్యాకేజీలో కలపకుండా విడిగా చూపించండి. బోడుప్పల్ నుంచి అర్ధరాత్రి ముహూర్తానికి రెండు కార్లు వెళ్లొస్తే ఎంతవుతుందో మీకు తెలుసు.

డబ్బుకి రెండు ఖాతాలు చాలు. వచ్చినదంతా పని ఖాతాలో పడాలి, దానికి స్వీప్-ఇన్ ఎఫ్‌డీ (మిగులు దానంతటదే డిపాజిట్‌లోకి వెళ్లి, అవసరమైతే తిరిగొచ్చే ఏర్పాటు) పెట్టుకోండి. షూట్ జరిగేదాకా అడ్వాన్స్ మీది కాదు, పెళ్లివారిది. ఒకటో తేదీన 46 వేలు ఇంటి ఖాతాకి వెళ్లాలి, వైశాఖమైనా సరే, మూఢమైనా సరే. అదే మీ జీతం. ఇది ఆగకుండా ఉండాలంటే నిల్వ కావాలి. పొడవైన మూఢం దాదాపు మూడు నెలలు. కంపెనీలు బిల్లు చెల్లించడానికి 45-60 రోజులు తీసుకుంటాయి. కలిపితే అయిదు నెలలు, అంటే 2.3 లక్షలు. దీన్ని లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో) ఉంచండి. ఇన్‌స్టంట్ సదుపాయం ఉన్నవాటిలో రోజుకు 50 వేలు లేదా నిల్వలో 90 శాతం, ఏది తక్కువైతే అది అప్పటికప్పుడే వస్తుంది.

అయితే నిల్వ కన్నా ముందు కార్డు. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 1.1 లక్షల మీద 3,850, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 4,543 రూపాయలు. వైశాఖం డబ్బుతో మొదట ఇదే కట్టండి. సరిపోకపోతే బంగారం మీద రుణం తీసుకొనైనా మూసేయండి, వడ్డీ ఎంతో తగ్గుతుంది.

మీరు చిన్నచూపు చూస్తున్న పని ఒకటుంది. ఇంటీరియర్ షూట్‌కి ఫ్లాటుకు 6,500 వస్తోంది. ప్రయాణం 700, ఎడిటింగ్ 1,200 తీసేస్తే పూటకి 4,600, అంటే రోజుకి 9,200. పెళ్లిలో 1,05,000 మిగిలినా మీటింగులు, సెలక్షన్లు, కలర్ కరెక్షన్ కలిపి 12 రోజులు పడితే రోజుకి 8,750. పైగా మూఢంలో గృహప్రవేశాలు ఆగుతాయేమో గానీ, ఇంటీరియర్ డిజైనర్‌కి తన పని ఫొటోలు ఎప్పుడైనా కావాల్సిందే. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు పనిచేసే రెండు మూడు సంస్థలతో నెలకు నాలుగు ఫ్లాట్లు, 24 వేలు, వారంలో చెల్లింపు అని మాట్లాడుకోండి. ప్రయాణం, ఎడిటింగ్ పోను 16,400, అంటే ఇంటి ఖర్చులో మూడో వంతుకి పైగా పంచాంగంతో పనిలేకుండా వస్తుంది.

కెమెరా కొనడం తప్పు కాదు, ఇప్పుడు కొనడం తప్పు. 3.2 లక్షల బాడీని నాలుగేళ్లు వాడి 1.1 లక్షలకి అమ్మారనుకుంటే ఏడాదికి 52,500 అరుగుదల. రోజుకు 2,500 చొప్పున అద్దెకు తెస్తే 21 రోజులకి అది సమానం. మీ డైరీలో అద్దె రోజులు అంతకన్నా ఎక్కువుంటే శ్రావణం డబ్బు చేతికొచ్చాక ఈఎంఐ లేకుండా కొనండి. సెకండ్‌హ్యాండ్ అయితే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో), సెన్సర్, బిల్లు చూడాలి. పరికరాలకి విడిగా బీమా తీసుకోండి. నిలిపిన కారులోంచి పోతే చాలా పాలసీలు క్లెయిమ్ ఇవ్వవు, ఆ షరతు చదివాకే సంతకం పెట్టండి.

హోమ్ లోన్ సంగతి. 14.4 లక్షల మీద 6 శాతమంటే 86,400. బ్యాంకు కంటికి మీరు నెలకు 7,200 సంపాదించే మనిషి. 2025-26 రిటర్నుకి వర్తించే 44ఏడీ (చిన్న వ్యాపారులు వసూళ్లలో కొంత శాతాన్నే లాభంగా చూపే సెక్షన్) కింద, బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బుపై 6 శాతమన్నది కనీసం మాత్రమే, అసలు లాభం ఎక్కువైతే ఎక్కువే చూపాలి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను లేదు. 9 లక్షలు చూపినా కట్టాల్సింది సున్నా. కంపెనీలు మీ బిల్లుల్లోంచి ముందే కోసిన పన్ను (టీడీఎస్) ఉంటే అదీ వెనక్కొస్తుంది, ఎంత కోశారో చూపే పన్ను శాఖ పట్టిక 26ఏఎస్‌లో సరిచూసుకోండి. ఇలాంటి రిటర్నులు రెండు మూడేళ్లవి చేతిలో ఉన్నాక మళ్లీ బ్యాంకుకి వెళ్లండి. సినిమాలకి కెమెరామన్‌గా చేస్తే మాత్రం లెక్క వేరు, అప్పుడు వృత్తి నిపుణులకి వర్తించే 44ఏడీఏ, కనీసం 50 శాతం లాభం చూపాలి.

సిప్ ఆరు నెలలు ఆగొచ్చు. మూఢంలో 10 వేల ఆటో డెబిట్ బౌన్స్ అయితే బ్యాంకు చార్జీ మీకే. నిల్వ నిండాక 3 వేలతో మొదలుపెట్టి, సీజన్ అయిపోయినప్పుడల్లా మిగులును ఒకేసారి వేయండి. కుటుంబానికి ఆరోగ్య బీమా మాత్రం ఆపకండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు.

మీ పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షలు. అది లాభం మీద కాదు, మొత్తం వసూళ్ల మీద. డ్రోన్‌కీ ల్యాబ్‌కీ పోయిన డబ్బు కూడా మీ టర్నోవరే. 18 లక్షలు దాటుతున్నట్టు కనిపించగానే కొత్త కొటేషన్లలో ‘జీఎస్టీ అదనం’ అని రాయడం మొదలుపెట్టండి. పాత రేటుకి ఒప్పుకున్న పెళ్లివారు ఆ 18 శాతం తర్వాత ఇవ్వరు.