లెక్కలు బాగా వచ్చిన అమ్మాయి ఆర్కిటెక్చర్‌లో చేరితే ఆ లెక్కలు వృథా అవుతాయా?

హనుమకొండ నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. లెక్కల్లో దిట్ట. కంప్యూటర్‌తో వంపుల భవనాలను రూపొందించే పారామెట్రిక్ డిజైన్ కోసం బీఆర్క్ చేస్తానంటోంది. మా బావమరిది కొడుకు సివిల్ చేసి స్థిరపడ్డాడు. రెండింటిలో ఏది మేలు?"

అయ్యా, బొమ్మల మోజులో పడి లెక్కలు మరుగున పడతాయన్నదే మీ అసలు భయం. ఆ భయం అక్కరలేదు. సిడ్నీ ఒపేరా హౌస్‌కు యోర్న్ ఉట్జన్ గీసిన రూపం 1957లో పోటీలో గెలిచింది గానీ, గవ్వల్లా వంగిన ఆ పైకప్పు చిప్పలను ఏ జ్యామితితో కట్టాలో తేలడానికి ఏళ్లు పట్టింది. ఆ చిప్పలన్నిటినీ ఒకే గోళం మీది ముక్కలుగా తీసుకోవాలని నిశ్చయించుకున్నాకే, ఒకే వంపు గల కాంక్రీటు భాగాలను అవే అచ్చుల్లో మళ్లీ మళ్లీ పోసుకునే వీలు కలిగింది.

నా సందేహం మీ అమ్మాయి మీద కాదు, ఆ పారామెట్రిక్ మోజు మీద. తెరపై ఒక అంకె మారిస్తే గోడ అలలా వంగుతుంది. ఆ గోడ బరువు నేలకు ఏ దారిన దిగుతుందో తెలియకుండానే విద్యార్థి మురిసిపోతాడు. అజర్‌బైజాన్ రాజధాని బాకూలో 2012లో తెరిచిన హేదర్ అలియేవ్ కేంద్రం ఒకే తెల్లని వస్త్రం పరిచినట్లు కనిపిస్తుంది, కానీ ఆ ఉపరితలాన్ని మోసేది లోపల దాగిన ఉక్కు చట్రం. స్పెయిన్ వాస్తుశిల్పి గౌడీ పద్ధతి వేరు: దారాలకు సీసపు గుళ్ల సంచులు వేలాడదీసి, అవి తీసుకున్న వంపునే తలకిందులు చేసి కమానుల రూపంగా గ్రహించాడు, కనుక అక్కడ రూపమే బరువు మోస్తుంది. మీ అమ్మాయి మొదట ఇది చేతులతో నేర్చుకోవాలి; సాఫ్ట్‌వేర్ మూడో ఏడాదిలో నేర్చినా ఆలస్యం కాదు.

ఇక పోలిక సంగతి. సివిల్ నాలుగేళ్లు, బీఆర్క్ ఐదేళ్లు, తొలి జీతాలు బీఆర్క్‌లో తక్కువే. అంతకుమించి నేను చెప్పేది లేదు, ఎందుకంటే మీ ఉత్తరంలో బావమరిది కొడుకు గురించి ఉంది గానీ, కన్నకూతురు ఏం గీస్తుందో ఒక్క మాటైనా లేదు. ఇది తగదు.

ఈ ఆదివారం ఆమెను పాలంపేట తీసుకెళ్లండి. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీటిలో తేలేంత తేలిక ఇటుకలను ఎందుకు వాడారో, ఆ బరువు స్తంభాల మీదుగా పునాదికి ఎలా చేరుతుందో నోటుపుస్తకంలో గీసి మీకు వివరించమనండి. మీరు మధ్యలో అడ్డు తగలకుండా వినండి.