సేజ్‌మ్యాత్‌లో (పైథాన్‌తో వాడే గణిత సాఫ్ట్‌వేర్) పార్టిషన్‌కి, అంటే ఒక సంఖ్యను 3+2+1 లాంటి మొత్తంగా విడగొట్టడానికి, మామూలు లిస్ట్ సరిపోదా, దానికో క్లాస్ ఎందుకు?

ఒకసారి లెక్క చూసుకోవడానికైతే లిస్ట్ చాలు. చిక్కు తర్వాత మొదలవుతుంది. [3, 2, 1] అంటే 6కి పార్టిషనా, 1, 2, 3 అంకెల వరస మార్చిన పర్మ్యుటేషనా? లిస్ట్‌ని చూసి చెప్పలేం. కాంజుగేట్ (పార్టిషన్‌ని చుక్కల వరసలుగా గీసి అడ్డాన్ని నిలువు చేస్తే వచ్చేది) అడగాలంటే మొదటిది కావాలి, ఇన్వర్స్ (ఆ వరస మార్పును వెనక్కి తిప్పేది) అడగాలంటే రెండోది. అందుకే సేజ్‌లో ప్రతి వస్తువుకీ ఒక పేరెంట్ ఉంటుంది. అది ఏ సమితికి చెందిందో పేరెంటే చెబుతుంది. అలాగని ఆ పేరెంట్ మూలకాలన్నిటినీ మెమరీలో నింపుకోదు. 100కి పార్టిషన్లు ఎన్ని అంటే 19,05,69,292 అని క్షణంలో చెబుతుంది, ఒక్కదాన్నీ తయారు చేయకుండానే.

నన్నడిగితే అంతకన్నా ముఖ్యమైంది, తయారయ్యాక మార్చడానికి వీల్లేకపోవడం. డిక్షనరీలో కీగా పెట్టాక లోపల అంకె మారితే హాష్ (డిక్షనరీ వెతకడానికి వాడే గుర్తు సంఖ్య) మారిపోతుంది, ఇక వెతికితే దొరకదు. సేజ్‌లోని క్లోనబుల్‌అరే అనే లిస్ట్ లాంటి క్లాస్ దీనికి మంచి దారి చూపింది: విత్ బ్లాక్‌లో కాపీ తీసి ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. బ్లాక్ దాటగానే అది ఇంకా సరైన వస్తువేనా అన్న చెక్ నడుస్తుంది, కాపీకి మళ్ళీ తాళం పడుతుంది. ఈ చెక్ ఊరికే రాదు, టైమ్ తింటుంది. అందుకని వస్తువుల్ని ఒక్కొక్కటిగా, ఎలాగూ సరైనవే పుట్టించే ఇటరేటర్లలో దాన్ని దాటేస్తారు.