ఫ్రిక్షన్ తీసేస్తే వంద శాతం దక్షత వస్తుందనే పిల్లలకు హీట్ ఇంజన్ ఎలా చెప్పాలి?

ఇంటర్ ఫస్టియర్ పిల్లలు కార్నో ఫార్ములా (ఇచ్చిన వేడిలో గరిష్ఠంగా ఎంత భాగం పనిగా మారగలదో, అంటే దక్షతకు హద్దు ఎంతో చెప్పేది) గడగడా ఒప్పజెబుతున్నారు గానీ, "ఫ్రిక్షన్ మొత్తం తీసేస్తే వంద శాతం వస్తుంది కదా" అంటున్నారు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. నేను ఖమ్మం వైపు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఏటా ఈ మాట వింటూనే ఉంటాను. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. పదో తరగతి దాకా శక్తి నష్టం అంటే రాపిడి అనే విన్నారు. ఇక్కడికి రాగానే రాపిడి సున్నా అయినా వేడి వదలాల్సిందే అంటాం. ఎందుకో చెప్పకుండా నేరుగా కార్నో సైకిల్ నాలుగు దశల్లోకి దూకేస్తాం, అది ఎనిమిది మార్కుల ప్రశ్న కాబట్టి.

ఫార్ములా ముట్టుకోకముందే ఒక్క ప్రశ్న తేల్చండి: ఒకసారి పని చేసిన ఇంజన్ రెండోసారి అదే పని చేయాలంటే ఏం కావాలి?

దీనికి ల్యాబ్‌లో ఉన్న సామాను చాలు. 100 మి.లీ. కోనికల్ ఫ్లాస్కుకి రబ్బరు బిరడా బిగించి, చిన్న గొట్టంతో 20 మి.లీ. గాజు సిరంజి నిలువుగా కలపండి. ప్లాస్టిక్ సిరంజి పనికిరాదు, దాని రబ్బరు గోడను పట్టుకుని కదలదు. పిస్టన్ మీద అట్టముక్క పెట్టి దానిపై 100 గ్రాముల తూకం రాయి పెట్టండి. ఫ్లాస్కుని 80 డిగ్రీల వేడినీళ్లలో ముంచితే పిస్టన్ మెల్లగా నాలుగైదు సెంటీమీటర్లు లేస్తుంది. క్లాసంతా చప్పట్లు కొడుతుంది. ఆ రాయి తీసి పక్కన పెట్టి, "ఇప్పుడు ఇంకో రాయి ఎత్తించండి" అనండి.

అక్కడ ఆగిపోతారు. పిస్టన్ పైనే ఉంది, వేడినీళ్లలో ఎంతసేపు ఉంచినా ఇక కదలదు. ఎవరో ఒకరు "చేత్తో కిందికి నొక్కేద్దాం మేడమ్" అంటారు. నొక్కనివ్వండి. లోపల గాలి ఇంకా వేడిగానే ఉంది కాబట్టి ఎదురుతిరుగుతుంది. రాయిని ఎత్తినప్పుడు వచ్చిన పని కన్నా ఎక్కువే మనం ఖర్చు పెట్టాలి. అది వాళ్ల బొటనవేలికే తెలుస్తుంది. ఆ తర్వాత ఫ్లాస్కుని మామూలు నీళ్ల గిన్నెలో పెట్టమనండి. పిస్టన్ దానంతట అదే దిగుతుంది. మళ్లీ రాయి, మళ్లీ వేడినీళ్లు. ఒక చక్రం పూర్తయింది. ఆ గిన్నెలోకి పోయిన వేడే ఇంజన్ వదిలిన వేడి. దానికి రాపిడి కారణం కాదు, పిస్టన్ చౌకగా కిందికి దిగాలంటే అది పోవాల్సిందే. ఈ నాలుగు అడుగుల్నీ పీడనం, ఘనపరిమాణం గ్రాఫ్ మీద గీయిస్తే దీర్ఘచతురస్రం లాంటి బొమ్మ వస్తుంది. గ్రాఫ్ లోపలి వైశాల్యమే పని అన్న మాట కూడా అక్కడే అర్థమైపోతుంది.

లెక్క కూడా వాళ్లతోనే వేయించండి. 100 గ్రాములు 5 సెం.మీ. ఎత్తితే పని సుమారు 0.05 జౌల్. ఫ్లాస్కులో గాలి 0.12 గ్రాములు ఉంటుంది, దాన్ని 50 డిగ్రీలు వేడి చేయడానికి 6 జౌల్స్ కావాలి. దక్షత ఒక శాతం కూడా రాదు! 30, 80 డిగ్రీల మధ్య కార్నో హద్దు 14 శాతం. చురుకైన పిల్ల ఎవరైనా "పిస్టన్ బయటి గాలిని కూడా నెట్టింది కదా, ఆ పని ఏది?" అని అడిగితే మీ క్లాసు సక్సెస్ అయినట్టే. ఆ పని సుమారు ఒకటిన్నర జౌల్, కానీ పిస్టన్ దిగేటప్పుడు బయటి గాలి దాన్ని తిరిగి ఇచ్చేస్తుంది.

ఇక థర్మల్ ప్లాంటుకి రండి. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చేసిన వీడియోలు మా పిల్లలంతా ఫోన్లలో చూశారు. అలాంటి టవర్ల నుంచి వచ్చేది పొగ అనే చాలామంది అనుకుంటారు (పెద్దవాళ్లు కూడా). పొగ వచ్చేది సన్నగా, పొడుగ్గా ఉండే చిమ్నీలోంచి. టవర్ పైన కనిపించే తెల్లటిది నీటి ఆవిరి చల్లారి ఏర్పడ్డ సన్నని తుంపర్లు. మా ఫ్లాస్కు కింద పెట్టిన చల్లనీళ్ల గిన్నె చేసిన పనే అక్కడ టవర్ చేస్తుంది.

"టర్బైన్ నుంచి వచ్చిన ఆవిరిని చల్లార్చి వేడి పాడుచేసే బదులు, దాన్నే మళ్లీ బాయిలర్‌లోకి తోసేయొచ్చు కదా?" అని మీరే అడగండి. కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి నీరు చేసే భాగం) దగ్గర కిలో ఆవిరి పది వేల లీటర్ల పైనే చోటు ఆక్రమిస్తుంది. దాన్ని 170 బార్ పీడనం ఉన్న బాయిలర్‌లోకి నొక్కాలంటే టర్బైన్ ఇచ్చిన పనంతా దానికే చాలదు. అదే కిలో ఆవిరి నీరైతే ఒక్క లీటరు. పంపుకి దాదాపు 17 కిలోజౌల్స్ చాలు. టర్బైన్ నుంచి మాత్రం కిలోకి వెయ్యి కిలోజౌల్స్‌కి పైగా వస్తాయి. ఆ లాభం కోసమే ఇంచుమించు 2,000 కిలోజౌల్స్ నీళ్లలోకి వదులుకుంటాం.

ఇప్పుడు ఫార్ములా చెప్పండి: ఒకటిలోంచి, చల్లని వైపు ఉష్ణోగ్రతను వేడి వైపు ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేది తీసేయాలి. ఆవిరి 540 డిగ్రీలు, కండెన్సర్ 40 డిగ్రీలు ఇచ్చి చూడండి. సగం మంది సెల్సియస్‌లోనే వేసి 92.6 శాతం అంటారు. సరిదిద్దకుండా, "కండెన్సర్‌లో ఐస్ పెడితే ఎంత?" అనండి. సున్నా డిగ్రీలు కాబట్టి వంద శాతం వస్తుంది, వాళ్లకే అనుమానం తగులుతుంది. కెల్విన్‌లో (సెల్సియస్‌కి 273 కలిపి) వేస్తే 61.5 శాతం. 540 డిగ్రీల ఆవిరితో నడిచే మామూలు బొగ్గు యూనిట్లకి వచ్చేది మాత్రం 35 నుంచి 38 శాతం. రాపిడి, చిమ్నీ నష్టాలు ఈ రెండు అంకెల మధ్య చూపించాలి, 61.5 పైన కాదు.

జలపాతం, దాని నీళ్లతో తిరిగే చక్రం పోలిక చాలా గైడ్లలో ఉంటుంది. అది 1824లో కార్నో వాడిన పోలికే, అప్పటికి ఆయన వేడిని ఒక ద్రవం లాంటి పదార్థం అనుకున్నాడు. నేనైతే వాడను. జలపాతంలో పైనుంచి పడ్డ నీళ్లన్నీ కిందికి చేరతాయి. ఇంజన్‌లో కిందికి చేరే వేడి, పని అయిన మేరకు తగ్గుతుంది. పోలిక గుర్తుండిపోయి అసలు లెక్క చెడుతుంది.

ఎంట్రోపీ జోలికి ఈ వారం వెళ్లకండి. స్లిప్ టెస్టులో మాత్రం ఇది అడగండి: పైన చెప్పిన ప్లాంటులో ఏదో ఒక వైపు పది డిగ్రీలు మార్చే అవకాశం ఇస్తే ఎటు మారుస్తారు? వేడి వైపు పెంచితే హద్దు 62.0 శాతం, చల్లని వైపు తగ్గిస్తే 62.7. మరి పాల్వంచలో కొత్తగా కట్టిన 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ (ఇంకా ఎక్కువ పీడనం, వేడి ఉన్న ఆవిరితో నడిచే) యూనిట్‌లో ఆవిరినే ఎందుకు ఇంకా వేడెక్కించారు? దీనికి జవాబు రాయాలంటే మే నెలలో మన ఊళ్లో నీళ్లు ఎంత చల్లగా దొరుకుతాయో వాళ్లు ఆలోచించాలి.