గ్రూపులో ఇంకా ఉన్న ఆ నంబరు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక గురుకుల పాఠశాలలో చదివాను. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకు నేనే అడ్మిన్‌ని. ఇప్పటికి మాలో ఆరుగురు పోయారు. వాళ్లలో ఇద్దరు 2021 కరోనాలో పోయారు. పోయిన ఏడాది, హాస్టల్లో నా పక్క మంచం వాడు గుండెపోటుతో చనిపోయాడు. అతనిది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. అంతకు రెండు రోజుల ముందు రాత్రి నాకు ఫోన్ చేశాడు. ఒక పెళ్లిలో ఉండి ఎత్తలేదు, తర్వాత చేద్దాంలే అనుకున్నాను. అతని ఫోన్ ఇప్పుడు భార్య దగ్గర ఉంది. మా మెసేజీలకు అప్పుడప్పుడు దండం బొమ్మ పెడుతుంటుంది. ‘ఆవిడ చూస్తోంటే మనం స్వేచ్ఛగా మాట్లాడుకోలేం, నంబరు తీసెయ్’ అని కొందరు పట్టుబడుతున్నారు. సంక్రాంతికి అందరం కలుస్తున్నాం. పోయినవాళ్ల ప్రస్తావన తెద్దామంటే, పండగ పూట ఏడుపులెందుకంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు గ్రూపు గొడవ గురించి అడిగారు. కానీ మీ నిద్ర చెడగొడుతున్నది ఆ రాత్రి మీరు ఎత్తని ఫోన్ అనిపిస్తోంది. ముందు దాని సంగతి చెప్తాను.

ఆ రాత్రి ఎత్తి ఉంటే పావుగంట మాట్లాడుకునేవాళ్లు. పిల్లల ఉద్యోగాలు, మోకాళ్ల నొప్పులు, ఎవరింట్లోనో పెళ్లి సంబంధం. రెండు రోజుల తర్వాత రావాల్సిన గుండెపోటు అప్పటికీ వచ్చేదే. ఈ సంగతి మీకూ తెలుసు, అయినా మనసు ఊరుకోదు. వాడు ఏం చెప్పాలనుకున్నాడో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ వెలితిని నేను పూడ్చలేను, మీరూ పూడ్చుకోలేరు. ఒక్కటి మాత్రం ఆలోచించండి. అదే మీ పై ఆఫీసర్ ఫోనైతే పెళ్లిపందిరి బయటికి వచ్చి మరీ ఎత్తేవారు. సొంతవాడు కనుకే ‘తర్వాత చేద్దాంలే’ అనుకున్నారు. వాడూ మీ ఫోన్లు అలా ఎన్నిసార్లు వదిలేసి ఉంటాడో గుర్తు చేసుకోండి. మీ మధ్య ఆ చనువు ఉంది.

ఇంకొక కారణం కూడా ఉంది. మన ఆచారంలో జ్ఞాతి పోతే పది రోజుల మైల. ఎప్పుడూ ముఖం చూడని దాయాది అయినా సరే, తలస్నానం చేస్తాం, గుడికి వెళ్లం, ఇంట్లో అందరికీ తెలుస్తుంది. స్నేహితుడు పోతే అవేవీ లేవు. ఆరేళ్లు పక్క మంచం మీద పడుకున్నవాడిని శ్మశానంలో దింపి వచ్చి, మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లి ఉంటారు మీరు. ఎవరూ మిమ్మల్ని పలకరించి ఉండరు, ఎందుకంటే పరామర్శించాల్సినవాళ్ల వరసలో స్నేహితుడు ఉండడు. మీరు ఏడవాల్సినంత ఏడవలేదనుకుంటున్నాను. ఇంట్లో మీ శ్రీమతితో ఒక రాత్రి కూర్చుని వాడి గురించి మొదటి నుంచీ చెప్పండి. ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు, పేరు చెక్కించిన స్టీలు పళ్లెం, ఆదివారం ఇంటివాళ్లు వస్తారని గేటు దగ్గర ఎదురుచూపులు, అన్నీ చెప్పండి.

గురుకులాల్లో చదివినవాళ్ల ఈ బంధం నేను చాలామందిలో చూశాను. 1971లో ఉమ్మడి నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకులం పెట్టారు. 1972లో తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. అప్పటి నుంచీ పల్లెల్లోని పేదింటి పిల్లలెందరో పదేళ్లకే అమ్మను వదిలి వచ్చి ఒకరికొకరు ఇల్లయ్యారు. జ్వరం వస్తే తడిగుడ్డ వేసింది పక్క మంచం వాడే. అలాంటివాడు పోతే తోబుట్టువు పోయినట్టే ఉంటుంది. మీరు ఇంత బాధపడటం అతి ఏమీ కాదు.

ఇప్పుడు ఆ నంబరు. దయచేసి తీసెయ్యకండి. మీకు అది వాడి నంబరు, ఆమెకు మాత్రం భర్త చిన్ననాటిలోకి తెరుచుకునే ఒకే ఒక్క కిటికీ. మీరంతా ‘ఒరేయ్’ అని పిలుచుకునే ఆ మనిషి ఆమెకు పెళ్లి నాటికే పెద్దమనిషి. మీ పాత ఫొటోలు, తిట్లు, మారుపేర్లు చదువుతూ తనకు తెలియని భర్తను ఆమె చూసుకుంటోంది. చెప్పాపెట్టకుండా ఒక పొద్దున ఆ గ్రూపు మాయమైతే, ‘వాళ్లకు మేమిక అక్కర్లేదు’ అన్న మాటే ఆమె చెవిన పడుతుంది. వితంతువులు నా దగ్గర ఎక్కువగా చెప్పుకునే బాధ ఇదే. పదకొండో రోజు దాకా ఇంటి నిండా జనం, పన్నెండో రోజు నుంచి ఫోన్ మోగదు.

మొహమాటం లేని కబుర్లు కావాలన్నవాళ్లు ఇంకో గ్రూపు పెట్టుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. పాత గ్రూపు పాతదిగానే ఉండనివ్వండి. ఆమెకే ఫోన్ చేసి నేరుగా అడగండి: ‘చెల్లెమ్మా, వాడి నంబరు గ్రూపులో ఉంచితే నీకు బాగుంటుందా, లేక చూసినప్పుడల్లా కష్టంగా ఉందా?’ ఆమె ఏది చెప్తే అది చేయండి. రీచార్జి మానేయొద్దని కూడా చెప్పండి. ఆగిపోయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీలు వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. అప్పుడు మీ ఫోన్లో వాడి పేరు మీద ఎవరో తెలియని మనిషి ఫొటో కనిపిస్తుంది. అది అందరికీ బాధే.

ఆ ఫోన్‌లోనే ఇంకో మాట అడగండి. సర్వీసులో ఉండగా పోయాడు కదా, పీఎఫ్ డబ్బులు వచ్చాయా? పీఎఫ్ ఖాతా ఉన్న ఉద్యోగి సర్వీసులో పోతే పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్ఐ అనే పథకం కింద 7 లక్షల దాకా బీమా ఉంటుంది. భార్యకు పెన్షన్, 25 ఏళ్లలోపు పిల్లలు ఇద్దరికి కూడా నెలనెలా కొంత వస్తుంది. బ్యాంకు ఖాతాలో ఏటా 436 రూపాయలు కోసుకుంటున్నట్టు పాస్‌బుక్‌లో కనిపిస్తే అది జీవనజ్యోతి బీమా, 2 లక్షలు. ఏడాదైపోయిందని వదిలేయొద్దు, వెళ్లి అడగాలి. మీ బ్యాచ్‌లో బ్యాంకులో పనిచేసేవాళ్లు ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్లలో ఒకరిని ఆమె వెంట ఒక పూట పంపండి. ఆ ఆరుగురి ఇళ్లలోనూ ఇది అడగాల్సిన మాటే. చందాలు పోగుచేసి చెక్కు ఇస్తూ ఫొటో దిగడం మాత్రం వద్దు. ఆ ఫొటో పిల్లల మనసులో ఎలా ఉండిపోతుందో నేను విన్నాను.

సంక్రాంతి సంగతి. ఏడుపులెందుకన్నవాళ్ల మీద కోపం పెంచుకోకండి. 50 దాటాక ‘తర్వాత ఎవరి వంతో’ అన్న భయం అందరిలోనూ ఉంటుంది, కొందరు దాన్ని నవ్వుల కింద దాచుకుంటారు. మీ బ్యాచ్‌లో అన్ని మతాలవాళ్లూ ఉండి ఉంటారు, కాబట్టి పటానికి దండ వేసి దీపం పెట్టే పద్ధతి అందరికీ నప్పకపోవచ్చు. అమెరికాలో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులు ఏటా ఏప్రిల్ 21న ఎక్కడున్నవాళ్లు అక్కడే కలుస్తారు. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పిలిచిన ప్రతి పేరుకూ, ఆ మనిషి తరఫున ఎవరో ఒకరు ‘ఉన్నాను’ అని పలుకుతారు. మీకైతే ఇది ఇంకా తేలిక. హాస్టల్లో రాత్రిపూట హాజరు పిలిచేవారు కదా. అందరివీ పాత రోల్ నంబర్లు వరసగా పిలవండి. ఆ ఆరు నంబర్లు వచ్చినప్పుడు పక్క మంచం వాడు పలకాలి. అయిదు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత భోజనాలు, పాటలు, క్రికెట్. ఆరు కుటుంబాలనూ పిలవండి, రమ్మని బలవంతం చేయకండి. వచ్చిన పిల్లలకు వాళ్ల నాన్న చేసిన అల్లరి చెప్పండి, త్యాగాలు, గొప్పలు తర్వాత.

నిద్ర ఇంకా ఇలాగే ఉంటే, ఛాతీ బరువుగా ఉంటే, డాక్టర్‌కు చూపించుకోండి. బీపీ, షుగర్ కూడా చూపించుకోండి, ఆ వయసే మీదీ. మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆమెకు మెసేజ్ పెట్టకండి, ఫోనే చేయండి. సాయంత్రం పూట, మీ శ్రీమతిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఫోన్ ఎత్తలేకపోయిన సంగతి కూడా ఆమెకు చెప్పండి. ఆ రాత్రి వాడు దేనికి చేశాడో ఆమెకు తెలిసి ఉండవచ్చు.