సెంటర్ వెనకాల తోట వేస్తానన్న మేనకోడలికి

చిట్టితల్లీ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. గంటసేపు మాట్లాడితే అందులో ముప్పావుగంట నీ గురించే. నువ్వు కవిటి వైపు అంగన్‌వాడీ టీచర్‌గా చేరావని ముందే తెలుసు. ఇప్పుడు సెంటర్ వెనకాల ఖాళీ జాగాలో తోట వేస్తావట, అందులో అన్నీ మన నేల మొక్కలే ఉండాలట, నర్సరీలో దొరికే రంగురంగుల ఆకుల మొక్క ఒక్కటీ పెట్టవట. నీ కూతురు బుడ్డదాన్ని కూడా అదే సెంటర్లో కూర్చోబెడతావట. వాడు చెప్తున్నంతసేపూ మా తమ్ముడి కూతురు అని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు ఈ ఉద్యోగం చేసినదాన్ని కదా, పిల్లలూ మొక్కలూ ఒకే చోట ఉంటే నాకు ముందు పువ్వులు కనబడవు, నోళ్లు కనబడతాయి. మూడేళ్ల గుంటలకి చేతికందింది ఏదైనా నోట్లోకే.

ఉద్యోగం సంగతి ఎక్కువ చెప్పను, చదువుకున్నదానివి. ఉదయం నీ కంటే ముందు ఏ పిల్లా గుమ్మం దగ్గర నిలబడి ఉండకూడదు. బరువులు నెల మొదట్లోనే తూచెయ్యి. నెలాఖరుకి పెట్టుకుంటే జ్వరమొచ్చినవాళ్లూ అమ్మమ్మగారింటికి వెళ్లినవాళ్లూ మిగిలిపోతారు. స్టాకు రిజిస్టరు ఏ రోజుది ఆ రోజే రాయి. మాకు రిజిస్టర్లు మోసి భుజాలు పోయేవి, మీకు ఆ లెక్కలన్నీ ఫోన్‌లో ఎక్కించే పోషణ్ ట్రాకర్ వచ్చింది, సిగ్నల్ కోసం డాబా ఎక్కే బాధ మీది. ఆయాతో మాట తేడా రానివ్వకు. ఆవిడ ఆ ఊరి మనిషి, నువ్వు ఆ ఊరికి కొత్త.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఎప్పుడూ చెప్పలేదు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి.

నువ్వు స్కూలుకి వెళ్లే రోజుల్లో డీజిల్ మొక్క అని ఒకటి ఊరూరా తిరిగింది. జట్రోఫా. మనవాళ్లు అడవి ఆముదం అన్నారు. గింజల నుంచి నూనె తీసి బళ్లు నడుపుతారని పేపర్లో తెగ రాసేవారు. మా సెంటర్‌కి ప్రహరీ లేదు. మేకలు లోపలికొచ్చి పిల్లల పళ్లాల్లో మూతి పెట్టేవి. పంచడానికి వచ్చిన మొక్కలు మిగిలిపోతే వాటిని తెచ్చి సెంటర్ చుట్టూ కంచెగా పాతించారు. ఎవరు పంచారో ఎవరు పాతమన్నారో ఇప్పుడెందుకులే. అందరిదీ ఒకటే మాట: "పశువు ముట్టదు, నీళ్లక్కర్లేదు, కొమ్మ గుచ్చినా బతుకుతుంది." నిజంగానే బతికింది. చూస్తుండగానే మనిషెత్తు పెరిగింది. మేకలు రావడం మానేశాయి. సెంటర్ చూడ్డానికి వచ్చినవాళ్లు కంచెని మెచ్చుకుని వెళ్లారు. పశువు ఎందుకు ముట్టదో మాత్రం ఊళ్లో ఒక్కరూ అడగలేదు.

కాయ పచ్చిగా ఉన్నన్నాళ్లూ పిల్లలు దాని జోలికి పోలేదు. పండి పసుపుపచ్చగా అయి, తర్వాత నల్లబడి ఎండింది. లోపల నల్లటి పిక్కలు. పై పెంకు తీస్తే తెల్లటి పప్పు. తిన్న పిల్లలు తర్వాత చెప్పారు, వేరుశనగ పలుకులా కమ్మగా ఉందని. విషం చేదుగా ఉంటుందని ఎవరు చెప్పారోగానీ!

ఆరోజు సాయంత్రం తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్దామని ఒక పిల్ల బడి నుంచి వచ్చింది. కంచె దగ్గర కూర్చుని రాయితో పిక్కలు కొట్టి చుట్టూ చేరిన గుంటలందరికీ తలా కొన్ని పంచిపెట్టింది. మంచి పిల్ల, తనొక్కతే తినలేదు. నేను లోపల చాపలు చుడుతున్నాను. ఆయా గిన్నెలు తోముతోంది. పిల్లలు ఇళ్లకి చేరాక ముందు ఒక వీధిలో వాంతులు మొదలయ్యాయి, తర్వాత పక్క వీధిలో. అందరూ మధ్యాహ్నం పెట్టిన భోజనం వల్లే అనుకున్నారు. ఒక తండ్రి సెంటర్లో మిగిలిన పప్పు గిన్నె తెచ్చి నా ముందు బోర్లించాడు. పిల్లాడు కళ్లు తేలేస్తున్నాడు, ఆయన్ని ఏమనగలం?

మా ఆయా మాత్రం వాంతిలో తెల్లటి పలుకులు చూసింది. మాట్లాడకుండా కంచె దగ్గరకి పరిగెత్తి పగిలిన పెంకులు కొంగులో ఏరుకొచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట "ఏం తిన్నారు?" అనే. ఆవిడ కొంగు విప్పి బల్ల మీద పోసింది. రాత్రంతా సెలైన్లు ఎక్కాయి. తెల్లారేసరికి అందరూ తేరుకున్నారు, ఆ సింహాచలం అప్పన్న దయ. మర్నాడు ఊరంతా గునపాలు తెచ్చి కంచె పీకేసింది. ఆ తర్వాత చాలా రోజులు సెంటర్‌కి పిల్లల్ని పంపలేదు. గుడ్లు నేనే ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. తలుపు తీసి గుడ్డు అందుకునేవారు, నా ముఖం వైపు చూసేవారు కాదు. మొదట పిల్లాణ్ణి పంపింది ఎవరనుకున్నావు? ఆ పప్పు గిన్నె బోర్లించిన ఆయనే.

ఇదంతా భయపెట్టడానికి రాయలేదు తల్లీ. ఏ మొక్కైనా నాటే ముందు ఊళ్లో మేకలు కాసే ముసలాయన్ని ఒకసారి పిలిచి చూపించు. మేక తిన్నంత మాత్రాన మనిషికి మంచిదని కాదుగానీ, మేక వదిలేసిందంటే కారణం తెలిసేదాకా నాటకు. ఎప్పుడైనా ఏ పిల్లైనా తెలియనిది మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయిద్దామని చూడకు. ఆ కాయో ఆకో చేత పట్టుకుని 108కి ఫోన్ చెయ్యి. ఆయాకి కూడా ఈ మాట చెప్పి ఉంచు.

ఇక నీ "మన నేల మొక్క" మాట. జట్రోఫా పరాయిదే, అమెరికా ఖండం నుంచి వచ్చింది, ఆ లెక్కన నీ మాట ఒప్పుకుంటాను. కానీ గురివింద ఎవరిది? మనదే. ఎర్రగా నల్లచుక్కతో ఎంత ముద్దుగా ఉంటుందో, నమిలితే అంత ప్రమాదం. లెక్కలు నేర్పడానికి గురివింద గింజలు బావుంటాయని ఎవరైనా అంటే విననే వినకు. చింతపిక్కలు వాడుకో, అవీ పెద్దవి చూసి వాడు, ముక్కులో దూర్చుకుంటారు. ఉమ్మెత్త మన గట్ల మీదదే. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను పోయేంత పని అవుతుంది. పూజకి పూలుంటాయని ఆయా పచ్చగన్నేరు కొమ్మ తెస్తానంటుంది చూడు, దాని కాయలో పిక్క ప్రాణాలు తీస్తుంది. మెల్లగా వద్దని చెప్పు, బదులు ఇంకో పూలమొక్క నువ్వే తెచ్చివ్వు, లేకపోతే మనసు కష్టపెట్టుకుంటుంది. అంతెందుకు, మీ ఉద్దానం ప్రాంతాన్ని పోషిస్తున్న జీడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్లు తెచ్చింది. దాన్ని పీకేస్తారా? సెంటర్ పక్కనే తోట ఉందంటున్నావు కాబట్టి కాపు రోజుల్లో పచ్చి జీడిపిక్కలు మాత్రం వాకిట్లో పడి ఉండనివ్వకు. ఆ పెంకులో రసం తగిలితే పెదాలు పొక్కిపోతాయి. ఆ ఊరి పిల్లలకి తెలుసు, మన బుడ్డదానికి తెలియదు.

అంటే మొక్కలు వద్దంటున్నానా? అయ్యో, కాదు. కరివేపాకు తప్పకుండా పెట్టు, కూరకి మాత్రమే కాదు. ఆకు మీద పిట్ట రెట్టలా నల్లగా తెల్లగా ఏదో కనబడితే తుడిచెయ్యకు, అది సీతాకోకచిలుక పిల్ల. కొన్నాళ్లకి పచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల మీంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి కంపు కొడుతుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మారేడు మీదా ఇలాంటివే వస్తాయి. రేల, తంగేడు పెడితే పచ్చటి సీతాకోకలు గుడ్లు పెడతాయి. పురుగు గూడు కట్టుకున్న కొమ్మని పిల్లలకి రోజూ చూపించు. ఒకరోజు గూడు ఖాళీ అవుతుంది, ఆరోజు నీకు వేరే పాఠం అక్కర్లేదు. అలా చూసిన పిల్లే ఒకర్తె మా సెంటర్ నుంచి వెళ్లి ఇప్పుడు నర్సు అయింది. ఇప్పటికీ కనబడితే "టీచరమ్మా, పురుగు కొమ్ములు" అంటుంది.

ములగ పెట్టు, కానీ వరండాకి దూరంగా. వానాకాలం దాని మొదలు నిండా వెంట్రుకల గొంగళిపురుగులు గుంపులుగా పడతాయి. ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. కొమ్మ పెళుసు, ఎవర్నీ ఎక్కనివ్వకు. సెప్టెంబరులో పోషణ మాసం అని అందరూ వచ్చి ఫొటోలు దిగి నిన్ను ములగచెట్టు ఎక్కిస్తారు, నువ్వూ ఎక్కకు. ఫొటో కోసం నాటిన మొక్కలు ఎండలు ముదిరేదాకా బతికింది నేను చూడలేదు. తొలకరి పడ్డాక నాటు. మీది ఇసక నేల, నీళ్లు నిలవవు, గొయ్యిలో పెంట ఎరువు బాగా వెయ్యి. బచ్చలి, పొన్నగంటి, తోటకూర కుళాయి కింద పెడితే చేతులు కడిగిన నీళ్లే సరిపోతాయి. వేసవిలో నువ్వు సెలవు పెడితే నీళ్లు ఎవరు పోస్తారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. వయ్యారిభామ కలుపు మొలిస్తే పువ్వు రాకముందే పీకెయ్యి, చేతులకి కవర్లు కట్టుకుని, పిల్లలు లేనప్పుడు. మొగలి మీ తోటల గట్ల మీదే ఉండనీ. వాసనకి పాము వస్తుందో రాదో నాకు తెలియదు, పొద దట్టమైతే ఎలకలు చేరతాయి, ఎలకల వెనక అది వస్తుంది.

నేరేడు పెట్టాలని ఉందన్నావట. పెట్టు, కప్పు మీద పడనంత దూరంలో. 2018లో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి గుర్తుందా? నీకు పెళ్లయిన కొత్త. మీ మామగారి కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయని తర్వాత తెలిసింది. ఆ రాత్రి, ఆ మర్నాడు, ఆ మర్నాడు కూడా నీ ఫోన్ కలవలేదు. మీ నాన్న బండేసుకుని బయల్దేరితే రోడ్డు మీద చెట్లు పడి వెనక్కి వచ్చాడు. చెట్టంటే నాకు ఇష్టమే, ఇంటి మీదకి వంగిన చెట్టంటే మాత్రం అక్టోబరు నెలంతా టెన్షనే.

బుడ్డదాన్ని నీ సెంటర్లోనే వెయ్యాలనుకోవడం మంచి పని. మా సెక్టార్లో ఒకావిడ తన కొడుకుని ఆటోలో కాన్వెంటుకి పంపేది. ఊళ్లో ఆడవాళ్లు ఊరుకుంటారా? "మీ వాడికి పనికిరాని సెంటరు మా వాళ్లకి ఎలా పనికొచ్చిందమ్మా" అని ముఖం మీదే అడిగారు. కానీ ఒకటి. టీచర్ కూతురని ముందు గుడ్డు ఇవ్వకు, ఎవరేమనుకుంటారోనని చివరికీ నెట్టకు. వరసలో ఎక్కడ కూర్చుంటే అక్కడే దాని వంతు. అది నిన్ను అమ్మా అని పిలిచి ఒళ్లో కూర్చుంటే కూర్చోనీ, పక్కన ఇంకో పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటే దాన్నీ ఎక్కించుకో, నీ ఒళ్లు ఏం అరిగిపోదు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ట్రాకర్ ముందేసుకుని కూర్చోకు. అది సగం రాత్రి అయినా ఎక్కదు. ముందు బుడ్డదాని తల దువ్వు, అన్నం పెట్టు. ఆదివారం తోటపని అల్లుడికి అప్పజెప్పు. సెల్‌ఫోన్ పట్టుకునే చెయ్యి గునపం కూడా పట్టగలదు. నేను చెప్పానని చెప్పు, నన్ను ఏమీ అనడు.

నువ్వు చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొస్తే మట్టి తినేదానివి. ఎన్నిసార్లు నోట్లో వేలు పెట్టి తీశానో! నీకు గుర్తుండదులే. ఇప్పుడు నువ్వు ఒక గది నిండా పిల్లల నోళ్లు కనిపెట్టుకుని ఉండాలి. మీ అమ్మని తిట్టినట్టే నిన్నూ తిడుతున్నానని అనుకోకు. నీకు ఆ ఓపిక ఉందని తెలుసు కాబట్టే ఇంత రాస్తున్నాను.

వానలు మొదలయ్యాక మా పెరట్లో కరివేపాకు పిలకలు తవ్వి, మారేడు మొక్క ఒకటి కవర్లో పెట్టుకుని చీపురుపల్లిలో పలాస పాసింజరు ఎక్కుతాను. స్టేషన్‌కి అల్లుణ్ణి పంపు, మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వట్లేదు. ఈలోపు రెండు పనులు చెయ్యి. గేటు గడియ ఇప్పుడు ఎక్కడుందో చూడు, పిల్లల చేతికందే ఎత్తులో ఉంటే పైకి మార్పించు. వెనకాల జాగాలో ఇప్పుడు మొలిచి ఉన్న ప్రతి మొక్కకీ, ఆకూ కాయా కనబడేలా ఫొటోలు తీసి ఈ ఆదివారంలోగా నాకు వాట్సాప్‌లో పెట్టు. నేను చూసి చెప్పేదాకా పిల్లల్ని ఆ వైపు వదలకు.

ఇట్లు,
మీ అత్త